మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు - పల్లెవృత్తులకు దివాను చేయూత

పల్లెటూళ్ళ చేతిపనులకును చిన్న వర్తకములకును ప్రభుత్వము తోడ్పడవలెనా? తోడ్పడినచో ఎంతవఱకు తోడ్పడవలెను? ఎన్నడు చేయి వదలవలెను? ఈ ప్రశ్నలు మన దేశమున నూఱేండ్లకు పైబడి నలుగుచున్నవి. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఇవి కొత్త పేళ్ళతో పుట్టుచుండును. ఎన్నికలు ముగియగనే కాగితములలో నిద్రించుచుండును. అయితే ఈ ప్రశ్నలను ఉపన్యాసవేదికపై గాక, ఒక రాజ్యపు ఖజానా తాళపుచెవి చేతబట్టుకొని ఆఱేండ్లపాటు ఆచరణమున పరీక్షించి చూచిన మహాపురుషుడొకడు మన యిరుగునే యుండెను. ఆయనయే శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. సెప్టెంబరు 15వ తేదీని ఇంజనీర్ల దినమని జరుపుకొని, ఆయన పటమునకు పూలదండ వేసి, కృష్ణరాజసాగరమును తలచుకొని మనము తృప్తి పడుచున్నాము. ఆనకట్ట కంటికి కనబడును గనుక దానిని మఱచుట కష్టము. తాలూకా కచేరీలలోను, పల్లె బెల్లపుగానుగల యొద్దను ఆయన చేసిన పని కంటికి కనబడదు గనుక దానిని మఱచితిమి. ఆ భాగమునే నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఇంటిపేరే ఆయన తెలుగుతనమును చాటుచున్నది. కంభము, గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము ఆయన పూర్వుల గ్రామము. అక్కడినుండి తరలి మైసూరు సీమలో చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో నిలిచిన ములకనాటి బ్రాహ్మణ కుటుంబమున ఆయన జన్మించెను. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. ధనవంతులు మాత్రము కారు. చిన్నతనముననే తండ్రి గతించుటచే బాలుడు బెంగుళూరు చేరి, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు తన చదువు సాగించెను. 1881లో సెంట్రల్ కాలేజీనుండి పట్టభద్రుడై, మైసూరు ప్రభుత్వ మిచ్చిన విద్యార్థివేతనముతో పూనా వెళ్ళి యింజనీరింగు చదివెను. ప్రభుత్వధనము సరియైన చోట, సరియైన వేళ ఒక పేదవాని చేతిలో పడినచో ఏమగునో ఆయనకు పుస్తకములు చదివి తెలిసికొనవలసిన యవసరము లేకపోయెను.

1884లో బొంబాయి ప్రభుత్వపు మరామత్తుశాఖలో ప్రవేశించి, ఇరువదినాలుగేండ్లు కొలిచిరి. సక్కరు పట్టణమునకు సింధునది నీరు శుభ్రపఱచి యిచ్చుట, ఖడక్‌వాస్లా చెఱువునకు తమంతట తెఱచుకొను తలుపు లమర్చుట మున్నగు కార్యములు ప్రసిద్ధములే. మన ప్రస్తుతాంశమునకు కావలసినది వేఱొకటి. దక్కను కాలువల క్రింద, మొదటనున్న రైతులు నీరు విస్తారముగా వాడుకొని చెఱకు వేయుచు, దిగువవారు ఎండిన కాలువకేసి చూచుచుండిరి. విశ్వేశ్వరయ్యగారు ఆ నీటిని గ్రామగ్రామమునకు పంచి, ఊరికొక ఖండమును నిర్ణయించి, అందులో కొంతభాగము చెఱకునకును తక్కినది ఆరుతడి పైరులకును ఉంచి, ఏటేట పైరు మార్చునట్లు ఏర్పాటు చేసిరి. దీనినే బ్లాకు పద్ధతి యందురు. కొద్దిమందికి సమృద్ధిగా నిచ్చుటకంటె పెక్కుగ్రామములకు చాలినంత యిచ్చుటయే మేలను తీర్మానము దీనికి మూలము. రైతులు మొదట శంకించిరి. మాటలాడి మాటలాడి ఒప్పింపవలసి వచ్చెను. కాలువనీటివలెనే ప్రభుత్వసహాయము కూడ మొదట నిలుచున్నవాని పొలముననే ఇంకిపోవు స్వభావము గలదని ఆయన అప్పుడే గ్రహించియుండవలెను. అట్లయ్యు పిమ్మట ఈ పాఠమును ఆయనయే పూర్తిగా పాటింపలేకపోయిన సందర్భము ముందు చెప్పబోవుచున్నాము.

1898లో ఆయన జపాను చూచి వచ్చెను. ముప్పదియేండ్లలో ఒక వ్యవసాయదేశము బడులు, బ్యాంకులు, కర్మాగారములు నిర్మించుకొన్న తీరు ఆయన మనస్సున బలముగా నాటుకొనెను. అక్కడ ప్రభుత్వము తానే ముందు నడచి, కర్మాగారము నిలద్రొక్కుకొన్న పిదప ప్రజల కమ్మివేయుచుండెను. 1908లో ఉద్యోగము చాలించుకొని, మూసీ వరద ముంచివేసిన హైదరాబాదునకు నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చి, నగరరక్షణకు చెఱువుల ప్రణాళిక వేసియిచ్చిరి. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము దాని ఫలములే. ఇంతలో 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు పదవి వచ్చెను. కేవలము ఇటుక సున్నము పనికి ఆయన ఇష్టపడలేదు. సాంకేతికవిద్యకును పరిశ్రమలకును పాటుపడు అవకాశ ముండునా యని ముందుగా విచారించుకొని, ఉండునని తెలిసిన పిమ్మటనే అంగీకరించిరి.

ఇచ్చట పాఠకులు ఒక్కమాఱు చెన్నపట్టణమువైపు దృష్టి సారింపవలెను. ఏలయన అప్పటి మన కోస్తాజిల్లాలును, రాయలసీమయు ఆ ప్రభుత్వము క్రిందనే యుండెను. అక్కడ ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఆంగ్లేయ ఆచార్యుడు 1898 మొదలుకొని స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియము పాత్రలు చేయించి, గిరాకి యేర్పడిన పిమ్మట 1903లో ఆ వ్యాపారమును ఒక కంపెనీ కమ్మివేసెను. పిదప క్రోము అను లవణముతో తోలు ఊనుట నేర్పించెను. ఆ తోలు నీటిలో నానినను చెడదు గనుక రైతుల కపిలబానలకు పనికివచ్చెను. సేలములో నేతగాండ్రకు, త్రాడు లాగినచో నాడె తనంతట పరుగెత్తు మగ్గమును అలవాటు చేయ యత్నించెను. 1908లో ఉదకమండలమున పరిశ్రమల మహాసభ జరిగి, దాని ఫలముగా పరిశ్రమలశాఖ యేర్పడెను. దొరల వర్తకసంఘమునకు ఇది కంటగింపయ్యెను. ప్రభుత్వము ప్రజలపన్నుతో వర్తకము చేయుట అన్యాయమని వారు మొఱపెట్టుకొనిరి. 1910లో సీమనుండి లార్డు మార్లే ఆజ్ఞ వచ్చెను: పరిశ్రమలను నేర్పవచ్చునే గాని నడుపరాదని. శాఖ మూలబడెను, తోలు కార్ఖానా రీవా సంస్థానమునకు అమ్ముడుపోయెను. రైల్వే కంపెనీలకు లాభము పూచీపడిన ప్రభుత్వమునకు, రైతు కపిలబాన విషయమున మాత్రము స్వేచ్ఛావాణిజ్య సూత్రము జ్ఞప్తికి వచ్చుట విచిత్రమే.

ఇటు చెన్నపట్టణమున మూసిన తలుపు అటు మైసూరున తెఱచుకొనెను. విశ్వేశ్వరయ్యగారి ప్రేరణముచే 1911 జూను నెలలో కృష్ణరాజ ఒడయరు మహారాజావారు మైసూరు ఆర్థికమహాసభను ప్రారంభించిరి. విద్యకు, వ్యవసాయమునకు, పరిశ్రమ వర్తకములకు మూడు ఉపసంఘములు. వాని క్రింద జిల్లాలలో సంఘములు. అధికారులు, భూస్వాములు, వర్తకులు ఒకచోట కూర్చుండి, ఈ తాలూకాలో ఏమి పండును, ఏమి నేయుదురు, ఏమి బయటినుండి కొనుచున్నాము, దానిని ఇచ్చటనే ఏల చేయరాదు అని లెక్కలతో విచారింపవలెనని ఏర్పాటు. సంస్థానములలో దర్బారులు, పాటకచేరీలు చూచియున్న జనమునకు ఇది క్రొత్త దృశ్యము. 1912 నవంబరులో ఆయన దివానైరి. అంతట ఛాటర్టనును మైసూరునకు రప్పించి పరిశ్రమ వర్తకశాఖను ఆయన కప్పగించిరి. ఒక ప్రభుత్వము వలదన్న మనిషిని పొరుగు ప్రభుత్వము పిలిచి పని చెప్పెను.

ఆ శాఖ పని యెట్లు సాగెనో కొంచెము వివరింతము. చెఱకు పండించు రైతునకు అప్పుడు ఎద్దుల గానుగయే గతి. ఎద్దుల గానుగ నిదానముగా తిరుగును. రసము పూర్తిగా దిగదు. కోత కాలమున ఎద్దులు దుక్కికి చిక్కవు. చెఱకు ఎండిన కొలది బెల్లము చెడును. నూనె ఇంజనుతో తిరుగు గానుగ ఈ నష్టమును తప్పించును. కాని ఇంజను వెల ఒక రైతునకు మించినది. కొన్నను నడుపువాడు లేడు. చెడినచో బాగుచేయువాడు పట్టణమున నుండును. ఈ మూడు చిక్కులకును శాఖ మూడు ఉపాయములు కల్పించెను. ఇంజను ఎంతటిది కావలెనో తానే లెక్కవేసి తెప్పించి బిగించును. వెలకు తక్కావి అప్పు ఇప్పించి వాయిదాలపై రాబట్టును. నడుపుటకు కుఱ్ఱలను మెకానికల్ బడిలో తర్ఫీదు చేయించును. బావులకు పంపులు అమర్చుట, వడ్లు దంచు మరలు నెలకొల్పుట ఇదే తీరున జరిగినవి. డబ్బొక్కటే ఇచ్చి ఊరకుండినను, బడి యొక్కటే పెట్టి ఊరకుండినను ఈ పని సాగెడిది కాదు. డబ్బు, తెలివి, మరామత్తు మూడును ఒకే వాకిట దొరకుటయే ఇందలి రహస్యము. నేటి మన పథకములలో ఒకటి ఒక శాఖయందు, రెండవది మఱియొక శాఖయందు, మూడవది ఎచ్చటను లేక యుండుట చూచువారికి ఇది చిన్న సంగతిగా తోపదు.

పట్టు విషయమున మఱింత సూక్ష్మమైన పని చేయవలసి వచ్చెను. మైసూరు పట్టు పాతది; టిప్పుసుల్తాను కాలమునుండి వచ్చుచున్నది. కాని పట్టుపురుగులకు పెబ్రిన్ అను తెగులు సోకి, తల్లి గ్రుడ్లనుండి పిల్లకు సంక్రమించి, పంటకు పంట నాశన మగుచుండెను. పల్లెలో ఒకరికొకరు గ్రుడ్లు ఇచ్చుకొనుటచే తెగులును కూడ ఇచ్చుకొనుచుండిరి. దీనికి అప్పు మందు కాదు, ఉపన్యాసము మందు కాదు. తల్లిపురుగును సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆరోగ్యముగల దాని గ్రుడ్లనే రైతుల కీయవలెను. ఫ్రాన్సుదేశమున పాస్చరు కనిపెట్టిన మార్గ మిది. దీనికి దివానుగారు ఇటలీనుండి నిపుణుని రప్పించి, చెన్నపట్న అను ఊర ప్రభుత్వపు పట్టుక్షేత్రము పెట్టించిరి. (ఈ చెన్నపట్న బెంగుళూరు మైసూరు దారిలోనిది, మన చెన్నపట్టణము కాదు.) మల్బరీ తోట వేయుటయు, పురుగులు పెంచుటయు, గూళ్ళనుండి దారము తీయుటయు ఇంటింట జరుగు పనులు, ప్రభుత్వము వానిలో జోక్యము చేసికొనలేదు. ఏ ఇంటివాడును తనంతట చేసికొనలేని ఆ ఒక్క పరీక్షను మాత్రము తాను చేసి యిచ్చెను. పల్లెవృత్తికి ప్రభుత్వము చేయదగిన సహాయమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము మాకు తెలియదు. ఆ పట్టునూలు సరిహద్దు దాటి మన ధర్మవరపు మగ్గములకు కూడ వచ్చుచుండెను గనుక దాని మేలు మనమును కొంత యనుభవించితిమి.

1913లో మైసూరు బ్యాంకు ప్రభుత్వపు ప్రాపున వెలసెను. ఆ యేటనే ప్రాథమికవిద్య నిర్బంధమునకు శాసనమును, హెబ్బాళమున వ్యవసాయపు బడియు వచ్చెను. చిక్కబళ్ళాపురమునకు చిన్నపట్టాల రైలు 1915లో నడచెను. 1916లో వర్తకసంఘమును, విశ్వవిద్యాలయమును వెలసినవి. ఊరివారు వారమునకు కొంత శ్రమదానము చేసి, చెఱువుకట్ట, బావి, బండ్లబాట బాగుచేసికొనుటకు గ్రామాభివృద్ధి ప్రణాళిక యొకటి ఏర్పడెను. మలనాడు జిల్లాలకు ప్రత్యేక ప్రణాళిక వేఱు.

చందనము కథ అందఱెఱిగినదే. మైసూరు చందనపు దుంగలు అంతకుముందు వేలములో అమ్ముడై జర్మనీ చేరి, నూనెయై తిరిగివచ్చుచుండెను. 1914లో యుద్ధము రాగా బేరము నిలిచిపోయెను. బెంగుళూరి విజ్ఞానసంస్థలో పరిశోధన చేయించి 1916లో నూనె కార్ఖానా పెట్టిరి. తరువాత సబ్బు వచ్చెను. ఆ సబ్బు సువాసన తెలియని తెలుగిల్లు అరుదు. కాని ఇందులో నొక సంగతి జీవితచరిత్రకారులు చెప్పరు. చందనవృక్షము రైతు చేనిగట్టున మొలచినను ఆ రాజ్యమున అది సర్కారు సొత్తే. కార్ఖానా లాభము ఖజానాకు చేరెను. చెట్టున్న పల్లెకు చేరినది స్వల్పము. దీనిని గొప్ప పరిశ్రమ యనవచ్చునే గాని పల్లెకు చేయూత యనుట సరికాదు.

ఇక లోపములు. తక్కావి అప్పునకు పూచీ భూమి. భూమి గలవానికే పంపు వచ్చెను, గానుగ వచ్చెను. కుమ్మరికి, మాదిగకు, మగ్గముతప్ప మఱేమియు లేని నేతగానికి ఏ పూచీపై అప్పిత్తురు? సహకారసంఘముల శాసనము 1905లోనే వచ్చినను, అవి వారి యిండ్ల వఱకు నడచుటకు చాలకాలము పట్టెను. జిల్లాసంఘములకు ప్రాణము డిప్యూటీ కమీషనరు, తాలూకాలో అమలుదారు. ఆయన శ్రద్ధగలవాడైనచో సంఘము కదలును, బదిలీయైనచో నిద్రించును. సభ్యులలో పేరుపెట్టించుకొని సభకు తలపాగా చుట్టుకొని వచ్చి, లెక్కలు చదువుచుండగా కునుకుతీసి, తాంబూలముతో ఇల్లు చేరువారు లేకపోలేదు. ఇట్టివారు నేటి సంఘములలోను గలరు. మన పాఠకులలో కూడ ఒకరిద్దఱు ఉండవచ్చును, వారు మన్నింతురు గాక. కాలువ మొదటి రైతు నీరంతయు వాడుకొనుటను దక్కనున మాన్పింపగలిగిన యింజనీరు, ధనపు కాలువ విషయమున అంతటి కట్టుదిట్టము చేయలేకపోయెను.

దివానుగిరి ముగిసిన తీరు సైతము ఇట్టిదే. పదవి స్వీకరించుటకు ముందు బంధువులను పిలిచి, తమకై సిఫారసు లడుగమని మాట తీసికొనెనని చెప్పుదురు. ఆయన నిష్కళంకత్వమును గూర్చి శత్రువులును సందేహింపలేదు. అయితే రాజ్యపు టుద్యోగములు ఇంచుమించు బ్రాహ్మణుల చేతిలోనే యుండెను. ఇతర వర్ణములవారు న్యాయమడుగగా, మహారాజావారు 1918లో సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతను ఒక సంఘమును నియమించిరి. అర్హతయే ప్రమాణముగా నుండవలెనని విశ్వేశ్వరయ్యగారి పట్టుదల. అభిప్రాయములు కలియలేదు, ఆ సంవత్సరాంతమున ఆయన పదవినుండి తప్పుకొనిరి. లాంకషైరు మిల్లులతో పసిపరిశ్రమ పోటీచేయలేదు, అది నిలుచువఱకు ప్రభుత్వము చేయిపట్టుకొనవలెనని జీవితమంతయు వాదించిన మేధావి, తరతరములుగా బడిమెట్టు ఎక్కనీయబడని కులముల విషయమున అదే వాదము చెల్లునని అంగీకరింపకపోయెను. ఆయనయందు మాకెంత గౌరవమున్నను ఈ మాట చెప్పక విడుచుట ధర్మము కాదు. ఎవని కులము ఏదో చూడక పని చూచువాడు ఆయన. కాని ఆ పని నేర్చు అవకాశము అందఱికిని సమముగా లేదని ఆయనకంటె మహారాజు చక్కగా గుర్తించెను.

పదవి వదలినను పని వదలలేదు. 1923లో భద్రావతి ఇనుపకార్ఖానా అధ్యక్షత వహించి, మునిగిపోవు స్థితినుండి దానిని గట్టెక్కించిరి. ఆ సేవకు రావలసిన ప్రతిఫలమును తాను తీసికొనక, 1943లో బెంగుళూర వెలసిన వృత్తివిద్యాలయమునకు చేర్చిరి. బి.ఏ. పట్టము కాక చేతిపని నేర్పు బడి కావలెనని ఆయన కోరిక.

1927లో గాంధీమహాత్ముడు దేహస్వస్థతకై నందికొండపై విశ్రమించెను. ఆ కొండ క్రిందిదే ముద్దేనహళ్ళి. మహాత్ముడు కృష్ణరాజసాగరమును, భద్రావతిని చూచి ఇంజనీరును మెచ్చుకొనెను; ఐనను యంత్రము విషయమున ఇరువురును ఏకీభవింపలేదు. 1934లో ఒకరు వార్ధాలో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించుచుండగా, రెండవవారు దేశమంతటికి ఆర్థికప్రణాళిక వేయవలెనని గ్రంథము ప్రకటించిరి. ఒకరు రాట్నమునుండి, మఱియొకరు కొలిమినుండి బయలుదేరిరి. ఈ వివాదమున పక్షము వహించుట నేటికిని కొందఱకు వినోదముగా నున్నది. కాని తుదకు ఇంజనీరు నడచినది పల్లెవైపే యని గమనింపవలెను. తొంబదియేండ్ల ప్రాయమున, 1950 ప్రాంతమున, కొన్ని గ్రామములను ఒక జట్టుగా జేర్చి, అక్కడి వారిచేతనే సంఘము లేర్పఱచి, చిన్నపరిశ్రమలు పెట్టించు ప్రణాళికను ఆయన తయారుచేసెను. మైసూరు ప్రభుత్వము దానిని బెంగుళూరు, కోలారు జిల్లాలలో చేపట్టెను. డిప్యూటీ కమీషనరు కూర్చుండిన కుర్చీలో ఈసారి ఊరివానిని కూర్చుండబెట్టవలెనని ముసలితనమున ఆయన కోరెనని దీనివలన తెలియుచున్నది.

1955లో భారతరత్న బిరుద మందుకొని, నూఱేండ్లు నిండిన పిదప 1962లో ఆయన కాలధర్మము చెందెను. ఆయన నెలకొల్పిన బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో లీనమయ్యెను. సబ్బు నిలిచినది. కృష్ణరాజసాగరపు నీరు పాఱి మెట్టపొలములు చెఱకుతోటలైన మండ్యలో 1933లో చక్కెరకార్ఖానా లేచెను. అక్కడి కాలువకు నేడు ఆయన పేరే. ఆయన సమాధి ముద్దేనహళ్ళిలో నున్నది. ఆ జిల్లాలోనే శిడ్లఘట్టమున పట్టుగూళ్ళ సంత జరుగును. రైతులు బుట్టలతో గూళ్ళు తెచ్చి పోయుదురు, పట్టు తీయువారు వేలము పాడుదురు, తూకమునకును వేలమునకును పూచీ ప్రభుత్వముది.